ఉత్త ఆమెన్

శామ్యూల్ పాస్టరుగారికి ఆమెన్ అంటే చెవి కోసుకునేంత ఇష్టం. వాక్యం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, తల కొంచెం పక్కకు వంచి, సంఘం వైపు చూస్తాడు. ఆ చూపుకు అర్థం అందరికీ తెలుసు. మగవాళ్ళ వైపు నుంచీ, ఆడవాళ్ళ వైపు నుంచీ "ఆమెన్" అని ఒక్కపెట్టున లేస్తుంది. కునికిపాట్లు పడేవాళ్ళు సైతం కళ్ళు తెరవకుండానే అనేస్తారు. సంఘపెద్ద పాపయ్య ఒకసారి అట్లాగే నిద్రలో గట్టిగా ఆమెన్ అన్నాడు. తీరా చూస్తే పాస్టరుగారు అప్పుడు వాక్యం చెప్పడం లేదు. ఫ్యాను ఎవరు ఆపారని అడుగుతున్నాడు.

నర్సింహులపేటకు కూతవేటు దూరంలో ఉన్న ఊరు అది. చర్చికి రేకుల కప్పు, నాపరాళ్ళ నేల. ముందు వరుసలో చాపల మీద పిల్లలు కూర్చుంటారు. వాళ్ళతోనే పాస్టరుగారికి చిక్కు వచ్చింది. పెద్దలు ఆమెన్ అంటున్నప్పుడు పిల్లలు ఒకరి నడుం ఒకరు గిల్లుకుంటూ ఉంటారు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఆయన సౌందర్యను పిలిచాడు.

"సౌందర్యమ్మా, పెద్దోళ్ళు మంచిగనే అంటున్నరు. పిల్లలే నోరు తెరుస్తలేరు. జర నేర్పు."

"పాట నేర్పమంటరా అయ్యగారూ?"

"పాట కాదమ్మా, ఆమెన్. రేకులు అదరాలె."

సౌందర్య వారమంతా నర్సింహులపేటలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. ఆదివారం సండే స్కూలు నడుపుతుంది. ఊళ్ళో పిల్లలందరికీ టీచరక్క. ఆమెకు ఒక అలవాటు ఉంది. దేనికైనా అర్థం చెప్పకుండా నేర్పలేదు. అ అంటే అమ్మ అని చెప్పి ఊరుకోదు, ఆ అమ్మ పొద్దున లేచి ఏమేం పనులు చేస్తుందో కూడా చెబుతుంది. తర్వాత జరిగిందంతా ఈ అలవాటు తెచ్చిన తంటానే.

చర్చి వెనక రేకుల నీడలో పిల్లలను కూర్చోబెట్టి అడిగింది.

"ఆమెన్ అంటే ఏంది?"

"అయిపోయినట్టు," అన్నాడు ఒకడు.

"అందరు లేసి నిలవడాలె అన్నట్టు," అన్నాడు ఇంకొకడు.

"బిస్కెట్లు ఇస్తరన్నట్టు," అంది సోని. అది పాపయ్య మనవరాలు, నోట్లో వేలు తీయకుండానే మాట్లాడుతుంది.

సుక్కి మాత్రం ఏమీ అనలేదు. సుక్కి ఊరి పక్కన తండా పిల్ల, మూడో తరగతి. ఇంట్లో వాళ్ళ దేవుళ్ళు వాళ్ళకున్నారు. అయినా నానమ్మ మంగ్లీ ప్రతి ఆదివారం దాని తలకు నూనె రాసి, "పాటలు నేర్సుకో, ఇచ్చింది తిను, ఎండ ఎక్కకముందే ఇంటికి రా" అని పంపిస్తుంది. సోనికీ దీనికీ మంచి స్నేహం. సుక్కికి ఏదైనా మాట దొరికితే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూడనిదే నిద్ర పట్టదు.

"అట్ల కాదు," అంది సౌందర్య. "దేవుడు ఒక మాట చెప్తడు. నువ్వు ఆమెన్ అంటవ్. అంటే, నిజమే, గట్లనే కానీ, నేను ఒప్పుకుంటున్న అని చెప్పినట్టు. మీ అవ్వ నీళ్ళు తేపో అంటే సరే అంటవ్ గద. అన్నంక ఫోన్ల బొమ్మలు సూసుకుంట కూసుంటే?"

"తంతది," అంది సోని.

"మరి నువ్వన్న సరే, సరేనా?"

"కాదు!" అని అందరూ అరిచారు.

అప్పుడు సుక్కి నోరు తెరిచింది. "అంటే ఆమెన్ అన్నోళ్ళు ఆ పని చెయ్యాల్నా అక్కా?"

"చెయ్యాలె."

"చెయ్యకపోతే?"

సౌందర్య ఒక్క క్షణం ఆలోచించింది. "చెయ్యకపోతే అది ఉత్త ఆమెన్."

పిల్లలకు ఆ మాట తెగ నచ్చింది. ఇంటికి వెళ్ళే దారి పొడుగునా "ఉత్త ఆమెన్, ఉత్త ఆమెన్" అని గెంతుకుంటూ పోయారు. పాఠం ఇంత బాగా ఎక్కినందుకు సౌందర్య లోలోపల మురిసిపోయింది.

మరుసటి ఆదివారం పాస్టరుగారు రోగులను పరామర్శించడం గురించి చెప్పాడు. మంచంలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళ చేయి పట్టుకోవాలి అన్నాడు. ఆగాడు. తల పక్కకు వంచాడు. ఆమెన్ దద్దరిల్లింది. పాపయ్య గొంతు అందరి గొంతుల మీదుగా వినిపించింది. పిల్లలు మాత్రం ఆ రోజు గిల్లుకోలేదు. అందరూ వెనక్కి తిరిగి కూర్చుని, ఎవరెవరు అంటున్నారో తేరిపార చూశారు.

ఆరాధన ముగిసింది. పాపయ్య బయటికి వచ్చి చూస్తే ఒక చెప్పు ఉంది, ఇంకొకటి లేదు. రెండోది సుక్కి చేతిలో ఉంది.

"తాతా, ఎప్పుడు పోతానవ్?"

"ఏడికే?"

"కొమురవ్వ దగ్గరికి. కాలు ఇరిగి మంచంల పడ్డది గద. సూడపోవాలె అని అయ్యగారు అన్నడు. నువ్వు ఆమెన్ అన్నవ్. అందరికన్న నువ్వే గట్టిగ అన్నవ్."

"పోత తియ్యి."

"ఇయ్యాల్నా, రేపా?"

"ఇదేం పోరివే! చెప్పు ఇటియ్యి."

"పోకపోతే ఉత్త ఆమెన్ అయితది తాతా," అంది సోని, వేలు నోట్లోంచి తీసి మరీ. తాత పరువు పోతోందని దానికి నిజంగానే బాధగా ఉంది.

పాపయ్య చుట్టూ చూశాడు. వాకిట్లో ఎక్కడ చూసినా ఇదే తంతు. ప్రతి చెప్పుల జత పక్కనా ఒక పిల్ల నిలబడి ఉంది. "నువ్వు గూడ అన్నవ్ పెద్దమ్మా," "నేను సూసిన బాపూ, నువ్వన్నవ్" అని వినిపిస్తున్నాయి. కాసేపటికి సంఘమంతా, పాస్టరుగారితో సహా, కొమురమ్మ ఇంటి దారి పట్టింది.

కొమురమ్మ బావి దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుని, పిండికట్టుతో దవాఖాన నుంచి వచ్చి నులకమంచంలో పడి ఉంది. ఒంటరి మనిషి. అంతమంది ఒక్కసారిగా వాకిట్లోకి రావడం చూసి ఆమె మోచేతుల మీద పైకి లేచింది.

"ఏమయ్యింది? దవాఖానోళ్ళు నాకు చెప్పకుంట మీకేమన్న చెప్పిన్రా? నేను పోతున్ననా?"

"నువ్వెక్కడికీ పోతలేవు కొమురక్కా," అన్నాడు పాపయ్య చెమట తుడుచుకుంటూ. "రోగమున్నోళ్ళను సూడాలె అంటే ఆమెన్ అన్నం. అందుకే వచ్చినం."

కొమురమ్మ అతన్ని కింది నుంచి మీది దాకా చూసింది. "మరి ఇన్ని ఆదివారాలు ఏమన్నరు?"

కొమురమ్మ జవాబు కోసం ఆగలేదు. వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారో రారో అని, ఒకరిని కుండలో నీళ్ళు నింపమంది, ఒకరిని దోమతెర కట్టమంది, పాపయ్యను తప్పిపోయిన మేకను వెతికి తెమ్మంది. పాస్టరుగారు ప్రార్థన చేయబోతే, "చేద్దురు గానీ అయ్యగారూ, ముందుగాల ఆ పొయ్యిల కట్టెలు పెట్టుండ్రి" అంది. వాళ్ళందరూ బయటపడేసరికి మధ్యాహ్నం దాటింది. కొమురమ్మ మొహం మాత్రం వెలిగిపోతోంది. మూలన చీపురు పట్టుకుని నిలబడ్డ సౌందర్య ఆ మొహాన్ని చూసింది. తన పిల్లలే ఇదంతా చేశారనుకుంటే ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ సంబరం వారమే.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు "దేవుడు గొప్పవాడు" అన్నాడు. ఆమెన్ హోరెత్తింది. "దేవుడు దయగలవాడు" అన్నాడు. మళ్ళీ హోరెత్తింది. "కాబట్టి మన దగ్గర రెండు ఉంటే, లేనివాళ్ళకు ఒకటి ఇవ్వాలి" అని ఆగి, తల పక్కకు వంచాడు.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

పాస్టరుగారు మైకు పాడైందేమోనని దాన్ని వేలితో తట్టి చూశాడు. పాపయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. ఆడవాళ్ళ వైపు సౌందర్య వెనకాల గుసగుసలు మొదలయ్యాయి.

"దీనికి అనొచ్చునా?"

"ఆగే. ముంగట ఇంకేం చెప్తడో సూద్దాం."

ఆరాధన కాగానే పాస్టరుగారు సౌందర్యను పక్కకు పిలిచాడు. ఆయన మొహం వాడిపోయి ఉంది.

"అమ్మా, నేను గట్టిగ అనిపియ్యమన్న. నువ్వు మొత్తానికే బందు పెట్టిచ్చినవ్."

"నేను అర్థం చెప్పిన అయ్యగారూ, అంతే."

"అర్థమెవలు చెప్పమన్నరమ్మా?" అనేసి, ఏమన్నాడో తన చెవికే వినబడి, నాలుక కరుచుకున్నాడు. అంతలోనే ఆయన కళ్ళలో ఏదో తళుక్కుమంది. అది సౌందర్యకు అంతగా నచ్చలేదు. "సరే తియ్యమ్మా. వచ్చే వారం నేను గూడ మంచిగ అర్థమయ్యేటట్టే చెప్త."

సౌందర్య మీద ఆయన ఏం గురి పెట్టాడో తెలియాలంటే శ్రీలత సంగతి చెప్పాలి. శ్రీలత సౌందర్యకు తోటికోడలు, పెద్దామె. ఒకే వీధిలో రెండిళ్ళ అవతల ఉంటుంది. చర్చిలో పాటలు ఇద్దరూ కలిసే పాడేవాళ్ళు. మొన్న క్రిస్మస్ నాడు, చర్చి నిండా జనం ఉండగా, సౌందర్య పాట మంచి ఊపులో ఉన్నప్పుడు, శ్రీలత ఆమె చేతిలోంచి మైకు గుంజుకుని, "శృతి పోతాంది, ఇటియ్యి" అంది. మెల్లగానే అంది. కానీ ఆ మైకు అప్పటికే ఆమె నోటి దగ్గర ఉంది, కరెంటు స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు గొట్టాలు ఆ మాటను ఊరి చివరి దాకా మోసుకుపోయాయి. తండాలో రొట్టెలు చేసుకుంటున్న మంగ్లీ కూడా విన్నది. మర్నాడు కిరాణా కొట్టు దగ్గర ఎవరో సౌందర్యను "శృతి దొరికిందా అక్కా?" అని అడిగారు. ఆ నాటి నుంచి తోటికోడళ్ళ మధ్య మాటల్లేవు. చర్చిలో చాపకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు.

ఆదివారం వచ్చింది. శ్రీలత రాలేదు. మిరపకాయ ఎండబోశారు, ఇంటి దగ్గర పని ఒత్తిడి. చాప అవతలి కొస ఖాళీగా ఉండడం చూసి సౌందర్య తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. పాస్టరుగారు మొదలుపెట్టాడు. దేవుడికి కానుక తీసుకుపోయేవాడు మనసులో ఎవరి మీదనైనా కోపం గుర్తొస్తే, ఆ కానుకను అక్కడే వదిలి, ముందు వెళ్ళి ఆ మనిషితో సమాధానపడి రావాలన్నాడు. చెబుతున్నంతసేపూ ఆయన ఒక్కరి వైపే చూశాడు.

"ఏమంటరు?" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయనకు కావలసిందీ అదే. "పెద్దోళ్ళను ఎందుకు అడుగుడు? మన సండే స్కూలు టీచరమ్మ ఉన్నది గద. ఆమెన్‌కు అర్థం తెలిసిన మనిషి. ఏమంటవమ్మా?"

పిల్లలందరూ చాపల మీద గిర్రున వెనక్కి తిరిగారు. సుక్కి మోకాళ్ళ మీద లేచింది.

సౌందర్యకు పాస్టరుగారి మీద ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఆమె లెక్కలో తను నొచ్చుకున్న మనిషి, కాబట్టి చేయవలసింది ఏమీ లేదు. శ్రీలత వస్తే చూద్దాం అనుకుంది. రోజూ పడుకోబోయే ముందు ప్రార్థనలో ఊరందరి పేర్లూ చెప్పేది, ఆ ఒక్క పేరు దగ్గరికి వచ్చేసరికి దగ్గు వచ్చేది. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చోవచ్చు. పోయిన వారం సంఘమంతా చేసిన పనే అది. కానీ నోరు మూసుకోవడం కూడా దేవుడికి చెప్పే జవాబేనని, ఆ జవాబు 'నేను చెయ్య' అన్నదేనని ఆమెకు ఆ క్షణాన తెలిసిపోయింది. అట్లాగని శ్రీలతను క్షమించాలని మనసులో రవ్వంత కూడా లేదు. ముందు నమ్మకం కుదరాలి, ఆ తర్వాత ఆమెన్ అనాలి అనుకునేది ఇన్నాళ్ళూ. అది కుదిరే దాకా ఆగితే ఈ జన్మకు కాదనిపించింది.

"ఆమెన్," అంది.

"ఇనపడలే!" అంది సుక్కి.

"ఆమెన్ అన్న గదనే!"

సోని చేతులు చరిచింది. పాస్టరుగారు ఏసుక్రీస్తు కృప అంటూ ముగింపు ప్రార్థన రెండు ముక్కల్లో ముగించేశాడు.

పిల్లలు సౌందర్యను ఇంటికి కూడా వెళ్ళనివ్వలేదు. ముందు సుక్కి, వెనక మిగతా మంద, నడుమ ఆమె. శ్రీలత తన వాకిట్లో టార్పాలిన్ పరదా మీద ఎర్రగా పోసిన మిరపకాయల కుప్ప ముందు, మూతికి తువ్వాల కట్టుకుని తొడిమలు తీస్తోంది. తలెత్తి చూసింది.

"ఏందే, జాతరకొచ్చిన్రా?"

"టీచరక్క ఆమెన్ అన్నది," అంది సుక్కి. "నీతోటి మాట్లాడాలె."

జరిగింది ఏమిటో పిల్లలు తలా ఒక ముక్క చెప్పారు. శ్రీలత అంతా విని, ఇంకో మిరపకాయ అందుకుంది.

"నేను చర్చికి రాలే. నేను ఏ ఆమెన్ అనలే."

పిల్లలు సౌందర్య వైపు చూశారు. ఇది పాఠంలో లేదు. సుక్కి ఆమె కొంగు లాగి గుసగుసగా అడిగింది. "అక్కా, ఆమె అనకపోతే మనం పోవచ్చునా?"

పోవచ్చు అనాలని సౌందర్యకు ఎంత ఉందో! వచ్చాను, మాట్లాడబోయాను, ఆమె వినలేదు. రేపు ఎవరైనా అడిగితే ఈ మాట చాలు. ఒక అడుగు వెనక్కి పడింది కూడా. మళ్ళీ ఆగింది.

"పోవద్దు," అంది. "అన్నది నేను గద."

వెళ్ళి మిరపకాయల కుప్ప ఇవతల కూర్చుంది.

"అక్కా, నువ్వు మైకు గుంజుకున్నకాన్నుంచి నీ మీద కోపంగున్న. ఇయ్యాల గూడ ఆ కోపం పోలే. పోవాలని వచ్చిన."

శ్రీలత చేతులు ఆడుతూనే ఉన్నాయి. "శృతి పోయిన మాట నిజమే గద."

సౌందర్యకు పెదవి దాకా వచ్చింది ఒక మాట. మింగింది. "నిజమేనేమో. చెవుల చెప్తే అయిపోతుండె. ఊరంత చెప్పుడెందుకు?"

"మైకు నడుస్తాందని నాకేమెరుక?" శ్రీలత చేతులు ఆగాయి. "ఎరుకైనంక నీ దగ్గరికి వద్దామనుకున్న. నువ్వు మొఖం తిప్పుకున్నవ్. నాకూ మొఖమున్నది గద, నేను గూడ తిప్పుకున్న."

ఏం జరగాలో పిల్లలకు అర్థం కాలేదు. కావలించుకుంటారేమోనని సోని ఆశగా చూసింది.

"ఉత్తగ కూసుంటే ఏమొస్తది?" అంది శ్రీలత. "తొడిమలు తియ్యుండ్రి."

సౌందర్య ఒక గుప్పెడు మిరపకాయలు ముందుకు లాక్కుంది. పిల్లలకు పని దొరికితే పండగే, కుప్ప చుట్టూ మూగారు. కాసేపు సరదాగానే సాగింది. తర్వాత సుక్కి ఆ చేత్తోనే కన్ను నులుముకుంది. దాని కేక విని, ఏమైందోనని చూడబోయిన సోని తన కన్ను నులుముకుంది. గాలి కూడా అప్పుడే తిరిగింది. ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం, దగ్గడం, కళ్ళు తుడుచుకోవడం, తుడుచుకున్నకొద్దీ మంట ఎక్కువవడం. శ్రీలత తన తువ్వాల విప్పి సుక్కి మొహం తుడవబోయి తానూ ఘాటు పీల్చింది. సౌందర్య చెంబుతో నీళ్ళు తెస్తూ దారి కనబడక శ్రీలతను గుద్దుకుని, పడిపోకుండా ఆమె భుజాలు పట్టుకుంది. ఇద్దరికీ కళ్ళ నుంచీ ముక్కుల నుంచీ ధారలు.

సరిగ్గా అప్పుడే పాపయ్య ఆ దారిన పోతున్నాడు. తోటికోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. ఇద్దరూ ఏడుస్తున్నారు. చుట్టూ పసిపిల్లలంతా ఏడుస్తున్నారు. పాపయ్య రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి, ఇక ఒక్క నిమిషం కూడా నిలవకుండా పాస్టరుగారి ఇంటికి పరుగెత్తాడు.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు వేదిక మీదికి రావడమే గద్గద స్వరంతో వచ్చాడు. "మన సంఘంల ఒక అద్భుతం జరిగింది," అన్నాడు. పాపయ్య చెప్పిందానికి తనది కూడా కాస్త చేర్చి, ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఎట్లా మోకాళ్ళ మీద పడ్డారో, కన్నీళ్ళు ఎట్లా కాలువలు కట్టాయో చెప్పాడు. చాప మీద శ్రీలత ఈసారి కొసన కూర్చోలేదు. మరీ పక్కనా కూర్చోలేదు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుంది. ఆమె మెల్లగా ఒరిగింది.

"మిరపకాయల సంగతి చెప్పమంటవా?"

సౌందర్య చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగక భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అది చూసి శ్రీలత కూడా తల దించేసుకుంది.

"సూడుండ్రి!" అన్నాడు పాస్టరుగారు చెయ్యి చాపి. "ఇంకా ఏడుస్తనే ఉన్నరు!"

సుక్కి లేచి నిలబడింది. "ఏడుస్తలేరు అయ్యగారూ, నవ్వుతున్నరు. మొన్న ఏడ్సింది మిరపకాయలకు. నా కన్ను ఇంకా మండుతాంది, సూడు."

చర్చి ఒక్కసారిగా ఘొల్లుమంది. నవ్వీ నవ్వీ పాపయ్య కళ్ళజోడు ఒళ్ళో పడింది. పాస్టరుగారు నోరు తెరిచి సౌందర్యను చూశాడు. ఆమె లేచి నిలబడక తప్పలేదు.

"కన్నీళ్ళు మిరపకాయలయే అయ్యగారూ. మేము మోకాళ్ళ మీద పడలే, మేకులోలె బిగుసుకొని కూసున్నం. కాకపోతే మాట్లాడుకున్నం. కోపం జర తగ్గింది. ఇంకా జర ఉన్నది. దేవుని ముంగట అబద్ధమెందుకు?"

పాస్టరుగారికి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే పుస్తకం తిప్పి, "ఇయ్యాల నేను గూడ జర చూసుకొనే చెప్త" అన్నాడు. ఆ రోజు ఆయన తల పక్కకు వంచలేదు. అయినా నడుమ నడుమ ఒక్కొక్క ఆమెన్ వినిపించింది. ఒకటి తలుపు దగ్గర నుంచి, ఒకటి చాలాసేపు ఆలోచించాక పాపయ్య నుంచి. రేకులేమీ అదరలేదు.

ఇంటికి పోయే దారిలో తోటికోడళ్ళు ముందూ వెనకగా నడిచారు. శ్రీలత వాకిట్లో బర్రె నెమరు వేస్తోంది. శ్రీలత గేటు దగ్గర ఆగి అడిగింది.

"వచ్చే ఆదివారం పిల్లలకు ఏం పాఠం చెప్తానవే?"

సౌందర్య కొంచెం తటపటాయించింది. "ఉన్నది నలుగురితోటి పంచుకొనుడు."

శ్రీలత ఆమెను చూసింది, బర్రెను చూసింది, పిల్లలంతా గెంతుకుంటూ వస్తున్న వీధి మలుపును చూసింది.

"జర మెల్లగ చెప్పు," అంది, గేటు గడియ పెడుతూ.